బీరువా వెనక గోడ

మున్సిపాలిటీ ఇళ్ల విభాగంలో గుమాస్తాని నేను. పేరుకి ఇళ్ల విభాగమే గానీ వానొస్తే మా గదిలోనే రెండు బకెట్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ ఏడు వానాకాలం ముందు పైనుంచి మాకొక నిధి వచ్చింది. పాతబడ్డ పేటల్ని బాగుచెయ్యండి, పడిపోయే ఇళ్లకి మరమ్మతులు చేయించండి అన్నారు. వచ్చింది ముప్పై ఇళ్లకి సరిపోతుంది. అర్జీలు మూడు వందల పైచిలుకు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాడు, ఇళ్లకి జాబితా రాసి చూడు అనడం మర్చిపోయాడయ్యా" అనేవారు మా పెద్దసారు. ఆ జాబితా రాసిన చేతుల్లో నాదీ ఒకటి.

ఏది ముందు, ఏది వెనక అన్నది పేటవాళ్లే తేల్చాలని ఒక నియమం ఉంది. అందుకని ఆదివారం పూట బడి హాల్లో సభ పెట్టాం. పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక పెద్దవాళ్లందరూ పక్కకి తిరిగి కూర్చున్నారు. వీధి దీపాలు ముందన్నారు కొందరు. పార్కు ముందన్నారు ఇంకొందరు. పిండిమర ఆయన లేచి, "రోడ్డు వెయ్యండి సార్, రోడ్డు బాగుంటే ఇళ్లు వాటంతటవే బాగుపడతాయి" అన్నాడు. గుంతలు పడింది ఆయన మర ముందే అని తెలుసు కాబట్టి అందరూ గొల్లుమన్నారు. అప్పుడు వెనక బెంచీలోంచి మా అక్క లేచింది.

మా అక్క ఆ పేటలోనే బట్టలు కుట్టేది. మా అమ్మానాన్నల ఇంట్లోనే, ముందు గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని. నన్ను పెంచింది కూడా ఆ మిషనే, ఆ అక్కే. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

"దీపం లేకపోతే తడుముకుంటూ పోతాం. పార్కు లేకపోతే అరుగు మీద కూర్చుంటాం. గోడ పడితే ఎక్కడ కూర్చోవాలి సార్? ముందు గోడలు చూడండి. నెత్తిన పడేవి ముందు, కంటికి ఇంపైనవి తర్వాత," అని గబగబా చెప్పేసి కూర్చుంది.

 హాలంతా చేతులు లేచాయి. ఆ రోజే మార్కులు ఖాయమయ్యాయి: గోడలకి ముప్పై, కప్పుకి పాతిక, ఇంట్లో ఉండే మనుషుల్ని బట్టి పాతిక, నీళ్లకీ మురుగుకీ ఇరవై. గోడకి అన్నిటికన్నా ఎక్కువ పడ్డాయంటే అది మా అక్క మాట చలవే.

సభ అయ్యాక గుమ్మం దగ్గర నన్ను పట్టుకుని, "ఏరా, బాగానే మాట్లాడానా? మధ్యలో గొంతు వణికింది, వినబడిందా?" అని అడిగింది.

"లేదక్కా, ఖంగుమంది," అన్నాను. నిజానికి వినబడింది.

గోడల గురించి అక్కకి తెలియక కాదు. ఆ ఇంట్లో నడిమి గది వెనక గోడకి బీట ఉంది. నేను ఆ గదిలో పడుకుని చదువుకునే రోజుల్లో వెంట్రుకవాసి ఉండేది. నాకు ఉద్యోగం వచ్చి ఆఫీసు దగ్గర గది తీసుకునేనాటికి రెండు వేళ్లు దూరేవి. ఆ ఏడు ఎండాకాలానికి కిటికీ మూల నుంచి నేల దాకా దిగి, వెనక సందులో పోయేవాళ్ల నీడలు గదిలోకి కనబడేవి. మా బావ లాండ్రీ వ్యాను నడుపుతాడు, ప్రతిదానికీ ఒక హాస్యం ఉంటుంది ఆయన దగ్గర. "మనింటికి గడియారం దండగరా. బీటలోంచి మంచం మీద ఎండపడితే నాలుగు గంటలు," అనేవాడు. అక్క మాత్రం ఆ హాస్యానికి నవ్వేది కాదు.

ఇళ్లు చూడటానికి వీధులు పంచినప్పుడు అక్క వీధి నాకు పడింది. పెద్దసారు దగ్గరికెళ్లి, "సార్, అక్కడ మా అక్క ఇల్లుంది," అని ముందే చెప్పాను.

"ఉంటే ఉంది. చుట్టాలు లేని గుమాస్తాని ఎక్కణ్ణించి తేను? పక్కన సాక్షి ఉంటాడుగా," అన్నారాయన. ఫైలు మూసి, మళ్లీ అన్నారు: "ఒక్కటి గుర్తుపెట్టుకో. పోయినసారి కౌన్సిలరుగారి బావమరిది ఇల్లు జాబితాలో ఉందని పేపరువాళ్లు మనల్ని ఉతికి ఆరేశారు. ఈసారి ఎవరి వేలూ మనవైపు లేవకూడదు."

నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ఆ వేలు నా కళ్లముందే నిలిచిపోయింది.

సాక్షిగా వచ్చినాయన వేరే విభాగం మనిషి. అందరూ కొలబద్ద అనేవారు. జేబులో టేపు లేకుండా భోజనానికి కూడా వెళ్లడని ప్రతీతి. మాట తక్కువ, చూపు ఎక్కువ. పద్ధతి ఏమిటంటే ఇద్దరం కలిసి చూడాలి, మార్కులు నేను వెయ్యాలి, ఆయన సంతకం పెట్టాలి. ఇంటి లోపల తిరిగి, కంటికి కనబడిందే రాయాలి. అనుమానముంటే సామాను జరిపించి చూడొచ్చు. ఈ ఆఖరి మాట కూడా కాగితంలో స్పష్టంగానే ఉంది.

ముందు పిండిమర ఆయన ఇల్లు. అక్క ఇంటికి పక్కిల్లే. మేం వెళ్లేసరికి ఇంట్లో విరిగిన బకెట్లన్నీ నట్టింట్లో కొలువు తీరాయి. ఒక్క చినుకు కూడా పడని రోజున కప్పు నుంచి నీళ్లు టపటపా కారుతున్నాయి. రోజూ బస్తాలు భుజాన వేసుకుని తిరిగే వాళ్లమ్మ మంచం మీద దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. కొలబద్ద స్టూలెక్కి కప్పు చూస్తుంటే ఆవిడ దుప్పట్లోంచి తల బయటపెట్టి, "ఒరేయ్, ఇంక లేవొచ్చా? చెమట పోస్తోంది," అంది.

"పడుకోమ్మా, ఒంట్లో బాగోలేదు నీకు," అన్నాడు కొడుకు కంగారుగా.

కొలబద్ద మూతి కూడా కదల్లేదు. నీళ్లు దొంగవే గానీ కన్నాలు నిజమైనవే. మార్కులు బాగా పడ్డాయి. అడగందే అమ్మైనా పెట్టదని బాగా తెలిసిన మనిషి పిండిమర ఆయన. ఆయన్ని చూసి ఆ రోజు నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రాదు.

తర్వాత అక్క ఇల్లు. గడప దగ్గరే ఆగిపోయాను. గోడలకి తాజా సున్నం. ఎక్కణ్ణించో అడిగి తెచ్చిన రెండు మంచి కుర్చీలు. మంచం మీద పెట్టెలోంచి తీసిన పువ్వుల దుప్పటి. మేనకోడలికి తల నున్నగా దువ్వి, కళ్లు సాగేలా జడ బిగించి, గోడకి బల్లిలా అతుక్కోకుండా తిన్నగా నిలబెట్టింది. బావ కనబడలేదు.

నడిమి గదిలోకి వెళ్లాం. ఇరవై ఏళ్లుగా ముందు గదిలో మిషను పక్కన ఉండే బీరువా వెనక గోడకి ఆనించి ఉంది. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు దానిమీద ఒక పూలకుండీ కూడా. గచ్చు మీద మాత్రం దాని కాళ్లు ఈడ్చుకొచ్చిన గీతలు తెల్లగా కనబడుతున్నాయి.

కొలబద్ద మూడు గోడలూ కొలిచాడు, వేళ్లతో కొట్టి చూశాడు. బీరువా దగ్గర ఆగాడు.

"దీని వెనక ఏమైనా ఉందా అమ్మా?"

"గోడ ఉంది సార్," అని నవ్వింది అక్క. ఆ నవ్వుతోనే నావైపు చూసింది.

ఆ చూపు నాకు అర్థమైందనుకున్నాను. పరాయి మనిషి ముందు నా పరువు తియ్యకురా అంటోందనుకున్నాను. గోడల గడిలో నాలుగు వేసి, కాగితం కొలబద్దకిచ్చాను. ఆయన గచ్చు మీది గీతల్ని చూశాడు, నన్ను చూశాడు.

"అంతేనా?"

"అంతే సార్."

సంతకం పెట్టాడు. అక్క టీ ఇచ్చింది. మంచి కప్పుల్లో.

తిరిగొస్తూ దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. తనే దాచుకుంది, నేను బయటపెడితే అవమానం కాదూ? ఇవాళ నేను రాస్తే రేపు తమ్ముడు రాసుకున్నాడని అనరూ? రెండు కారణాలూ నిజమే. కాకపోతే నాకు ముందు తోచింది రెండోది.

జాబితా బడి గోడకి అంటించాం. మొత్తం మార్కులే వేశారు, ఏ గడికి ఎన్నో వెయ్యలేదు. ముప్పయ్యో ఇంటికి అరవై ఒకటి. అక్క ఇంటికి నలభై అయిదు. ఆ గోడకి పాతిక పడి ఉంటే అరవై ఆరు అని లెక్కవెయ్యకుండా ఉందామని చాలా ప్రయత్నించాను. కాగితం అంటిస్తున్నంతసేపూ అదే తిరిగింది బుర్రలో.

తొలకరి పడిన వారానికి బావ ఆఫీసుకొచ్చాడు. తడిసిన చెప్పులు బయట విడిచి, నా బల్ల ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం బావా, ఇలా వచ్చావు?"

"మీ అక్క అడగొద్దంది. అందుకే అడగడానికొచ్చాను," అన్నాడు. "అభ్యంతరాలకి పదిహేను రోజులు గడువుందటగా. ఒక కాగితం రాసి పడేద్దామా? మళ్లీ వస్తే బీరువా నేనే జరుపుతాను."

"ఆ రోజే జరపాల్సింది బావా."

"జరిపితే ఆ ఇంట్లో నాకు తిండి పుట్టేదా? సున్నం కొట్టింది, కుర్చీలు తెచ్చింది, నా చొక్కా బాగోలేదని నన్ను కూడా వీధిలోకి తోలేసింది. నయం, బీరువా వెనక నుంచోమనలేదు." నవ్వి, గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఈ రెండు వానలకే ఇంకాస్త నోరు తెరిచింది గోడ. ఎన్ని వేశారు దానికి?"

"అవి బయటికి చెప్పకూడదు బావా."

అభ్యంతరం పెడితే మళ్లీ చూడటానికి ఇంకెవరో వస్తారు. బీరువా జరుగుతుంది. వేళ్లు కాదు, చెయ్యి పట్టే బీట బయటపడుతుంది. మొదట చూసిందెవరు, సొంత తమ్ముడై ఉండి ఎందుకు రాయలేదు, ఎవరికోసం ఏం దాచాడు అని అడుగుతారు. అదంతా కళ్లముందు కదిలింది.

"ఇప్పుడు కదిపితే చుట్టరికం అంటారు బావా. వచ్చే ఏడు ఇంకో జాబితా ఉంటుంది. అందులో మనదే ముందుంటుంది, నేను చూసుకుంటాను," అన్నాను.

బావ కాసేపు మా బకెట్లోకి పడే చుక్కల్ని చూశాడు. "మీ కప్పే మీకు ఆగట్లేదు, మా గోడ మీరేం ఆపుతారులే," అని నవ్వుతూ లేచాడు. ఆ నవ్వు చూసి గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను, సిగ్గులేకుండా.

గడువు దాటింది. ముప్పై ఇళ్లకీ ఇటుకలు దిగాయి. పిండిమర ఆయనకి కొత్త కప్పు పడుతుంటే అక్క పనివాళ్లకి మంచినీళ్లు ఇచ్చిందట. ఆ తర్వాత ముసురు పట్టింది.

మూడోరోజు మధ్యాహ్నం మా బంట్రోతు వచ్చి, "మీవైపు గోడ పడిందట," అన్నాడు. ఎవరిదని అడగలేదు. గొడుగు తీసుకోకుండా పరుగెత్తాను.

గోడ వెనక సందులోకి పడింది. దాని మీద ఆధారపడ్డ దూలం జారి, నడిమి గది కప్పు సగం కూలింది. బీరువా మంచం మీదికి బోర్లా పడి ఉంది, పువ్వుల దుప్పటి దాని కింద బురదలో. మేనకోడలు బడికి పోయింది, బావ వ్యాను మీదున్నాడు, అక్క ముందు గదిలో బడి పిల్లల చొక్కాలు కుడుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. వీధిలో నిలబడి, తడిసిపోకుండా ఆ చొక్కాల మూట గుండెకి అదుముకుని ఉంది. నన్ను చూసి, "గొడుగేదిరా?" అంది.

మర్నాడు ఇంజనీరు వచ్చి చూశాడు. ఇల్లు నివాసానికి పనికిరాదు, వారంలో ఖాళీ చెయ్యాలి అని రాశాడు. ఆ నోటీసు తలుపుకి అంటించాల్సింది ఆ వీధి గుమాస్తా. అంటే నేను.

జిగురు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్లాను. అక్క కొంగు బిగించి సామాను కడుతోంది. బయటికొచ్చి, నేను కాగితం పెడుతుంటే వెనక నిలబడి చూసింది.

"కుడివైపు కిందికి జారింది చూడు. తిన్నగా అంటించు. చదివేవాళ్లు నవ్వకూడదు."

అదేమిటో, ఆ మాటకి నాకు కోపం ముంచుకొచ్చింది. నా మీద రావాల్సిన కోపం తన మీదికి తిరిగింది. "ఆ బీరువా ఎందుకు జరిపావక్కా? ఎవరు జరపమన్నారు నిన్ను? ఉన్నదున్నట్టు చూపించి ఉంటే ఇవాళ ఈ కాగితం ఉండేదా?" అని అరిచాను.

అక్క వింతగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి ఏడిస్తే అలాగే చూసేది.

"ఆయన కొత్త మనిషి రా. కొత్త మనిషి గడపలోకొస్తే బీట చూపించి కూర్చోమంటానా? నువ్వున్నావుగా అనుకున్నాను. నీకు చూపించేదేముంది, దాని పక్కనే పడుకుని పెరిగినవాడివి. ఆయన చూసేది చూస్తాడు, రాసేది నువ్వేగా అని ధీమాగా ఉన్నాను."

నా చేతిలో కుంచె ఆగిపోయింది.

"రాసే ఉంటావులే, నాకు తెలీదా?" అంది, కుంచె నా చేతిలోంచి తీసుకుని జారిన మూలకి తనే జిగురు రాస్తూ. "నువ్వు రాసినా రాలేదంటే, మనకన్నా అధ్వాన్నంగా ముప్పైమంది ఉన్నారన్నమాట. వాళ్లకి ముందివ్వడమే న్యాయం. సభలో చెప్పింది నేనే కదరా, నెత్తిన పడేవి ముందని. మనది నెత్తిన పడలేదుగా, వెనక్కి పడింది." నవ్వింది. నవ్వుతూనే అరచేత్తో నోటీసుని నాలుగు మూలలా ఒత్తింది.

చెప్పాల్సింది అప్పుడే. రాయలేదక్కా, నాలుగు వేశాను, భయపడ్డాను. ఇంతే మాటలు. ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాలో నేను, ఒక్కసారీ తడబడలేదు. ఆ రోజు మాత్రం, "ఇంకో చోట కూడా అంటించాలి, వెళ్లొస్తాను," అని డబ్బా తీసుకుని వచ్చేశాను.

మరమ్మతు నిధి నిలబడి ఉన్న ఇళ్లకే, అందులో మనుషులుంటేనే. కాబట్టి వచ్చే ఏటి జాబితా అన్న నా మాట కూడా ఆ గోడతోపాటే పోయింది. వాళ్లు ఊరికి ఆ చివర మూడో అంతస్తులో రెండు గదులు తీసుకున్నారు. మిషను మెట్ల మలుపు దగ్గర తిరగలేదు. ఎన్ని విధాల తిప్పినా పట్టలేదు. పిండిమర ఆయన బండి తెచ్చి దాన్ని వాళ్లింటికి తీసుకెళ్లాడు. "నా దగ్గర ఉంటుందమ్మా, మీకు వీలైనప్పుడు తీసుకోండి. కొత్త కప్పు, చుక్క పడదు," అన్నాడు. మంచిగానే అన్నాడు పాపం. అక్క ఒక బట్టల కార్ఖానాలో చేరింది. పొద్దున్నించి సాయంత్రం దాకా కాలర్లే కుట్టాలి, చొక్కా మొత్తం ఎలా ఉంటుందో కూడా చూపించరట. మేనకోడలికి బడి మారింది.

వానలు వెనకపట్టే వేళకి నా ఉద్యోగం ఖాయమైంది. వేలెత్తి చూపించడానికి వీల్లేని జాబితా అని పెద్దసారు అందరిముందూ మెచ్చుకున్నారు. కొలబద్ద మాత్రం నాతో టీ తాగడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు.

ఉద్యోగం ఖాయమైన వార్త చెప్పడానికే ఒక ఆదివారం అక్క దగ్గరికెళ్లాను. సంతోషంతో నా తల నిమిరింది. మేనకోడల్ని కొట్టుకి పంపి బిస్కెట్లు తెప్పించింది. టీ పోస్తుండగా ఇంటి యజమానురాలు నీళ్ల ట్యాంకు సంగతేదో చెప్పడానికి పైకొచ్చింది. కొత్త మనిషి కదా, అక్క వెంటనే మంచం మీద దుప్పటి సర్ది ఆవిడకి చోటు చూపించింది.

"మా తమ్ముడండీ. మున్సిపాలిటీలో ఇళ్ల విభాగం. మా ఇంటిని జాబితాలో ఎక్కించాలని ఎంత తిరిగాడో. పైవాళ్లతో గొడవ కూడా పెట్టుకున్నాడు, ఉద్యోగం ఖాయం కాలేదన్న భయం కూడా లేకుండా. మన రాత బాగోలేక రాలేదు గానీ, వాడి వైపు నుంచి లోపం లేదు."

బావ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. 

"ఈ రోజుల్లో తోబుట్టువుల కోసం అంత చేసేవాళ్లెవరమ్మా. అదృష్టవంతురాలివి," అంది ఆవిడ, నావైపు మెచ్చుకోలుగా చూస్తూ.

నేను కాదనలేదు. అక్క ఇంకో కప్పు పోసింది, తాగాను.